పనిమనుషుల చరిత్ర – 6: శరణాలయం నుంచి వంటింటికి

1741 మార్చి 25 రాత్రి ఎనిమిది గంటలకి లండన్‌లో హాటన్ గార్డెన్ అనే వీధిలో ఒక ఇంటి గుమ్మం దగ్గర దీపం ఆర్పేశారు. బిడ్డని ఇచ్చిపోవడానికి వచ్చే తల్లి ముఖం ఎవరి కంటా పడకూడదని ఆ ఏర్పాటు. రెండు నెలలు దాటని పిల్లల్నే తీసుకుంటామన్నారు. ఏ పేరని గానీ, ఏ ఊరని గానీ అడగలేదు. అర్ధరాత్రి అయ్యేసరికి 30 మంది పసివాళ్లతో ఇల్లు నిండిపోయింది. మిగిలిన తల్లులు ఆ చీకట్లోనే బిడ్డల్ని ఎత్తుకుని వచ్చినదారినే వెళ్లిపోయారు.

కిందటి వారం ఇంగ్లండు పల్లెల్లో జరిగిన కూలి సంతల గురించి చెప్పుకున్నాం. ఆ సంతలో నిలబడ్డ పనివాళ్లకి కనీసం జీతం బేరమాడే నోరుండేది. ఈ వారం చెప్పుకోబోయే పిల్లలకి అదీ లేదు. వాళ్ల తరఫున ఒప్పందం మీద సంతకం పెట్టింది ఎవరో, పనిలోకి తీసుకున్నది ఎవరో. వాళ్లకి మిగిలింది చాకిరీ.

ఆ ఇంటి పేరు ఫౌండ్లింగ్ హాస్పిటల్. పేరులో హాస్పిటల్ అని ఉన్నా వైద్యశాల కాదు, శరణాలయం. స్థాపించినవాడు థామస్ కోరమ్ అనే ఓడల కెప్టెన్. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఓడలు కట్టి, అక్కడివాళ్లతో తగువులు పడి, లండన్ తిరిగి వచ్చి రేవు దగ్గర కాపురం పెట్టాడు. నగరంలోకి వెళ్లే దారి పక్కన పారేసిన పసిపిల్లలు కనపడేవారు, కొందరు చచ్చి, కొందరు చావబోతూ. పెళ్లికాని తల్లుల పిల్లల్ని సాకితే పాపాన్ని పోషించినట్టే అవుతుందని పెద్దమనుషులు ఎవరూ డబ్బివ్వలేదు. పదిహేడేళ్లు తిరిగాడు. మగవాళ్లతో పని కాదని తెలిసి గొప్పింటి ఆడవాళ్ల గుమ్మాలెక్కాడు. 1729లో రాజుకి పెట్టే అర్జీ మీద సోమర్సెట్ డచెస్ మొదటి సంతకం చేసింది. ఆ తర్వాత మరో ఇరవై మంది కులీన స్త్రీలు చేశారు. వాళ్లు చేసేసరికి మొగుళ్లూ కదిలారు. 1739లో రెండో జార్జి రాజు అనుమతి పత్రం ఇచ్చాడు. చిత్రకారుడు హోగార్త్ పిల్లల దుస్తులకి నమూనా గీసిచ్చాడు. సంగీతకారుడు హాండెల్ 1750లో అక్కడి చాపెల్‌లో 'మెసయ్య' పాడించి విరాళాలు పోగుచేశాడు. ఇంత కష్టపడ్డ కోరమ్‌ని మాత్రం సంస్థ మొదలైన కొద్దికాలానికే పాలకవర్గం నుంచి తప్పించేశారు. సంస్థల చరిత్రలో ఇది కొత్త సంగతేమీ కాదు.

వచ్చినవాళ్లందరికీ చోటు చాలక 1742 నుంచి లాటరీ పెట్టారు. తల్లి సంచిలో చెయ్యిపెట్టి ఒక గోళీ తియ్యాలి. తెల్లది వస్తే బిడ్డని పరీక్ష చేసి తీసుకుంటారు. ఎర్రది వస్తే కాచుకుని ఉండాలి, తెల్లగోళీ బిడ్డల్లో ఎవరికైనా జబ్బుందని తేలితే ఆ చోటు దక్కుతుంది. నల్లది వస్తే ఇంటికి పోవాలి. లోపలికి చేరిన బిడ్డకి పాత పేరు పోయి కొత్త పేరూ, ఒక అంకె వచ్చేవి. తల్లి ఎప్పుడైనా తిరిగివస్తే గుర్తుపట్టడానికి ఒక గుడ్డముక్కో, నాణెమో, చీటీయో నమోదు కాగితానికి గుచ్చి దాచేవాళ్లు. అలా దాచిన గుడ్డముక్కలు ఇప్పటికీ దాదాపు 5,000 ఉన్నాయి. మామూలు ఇంగ్లిష్ పేద స్త్రీలు 18వ శతాబ్దంలో ఏం కట్టుకునేవాళ్లో తెలుసుకోవాలంటే ఇవాళ చరిత్రకారులకి అంతకు మించిన గని లేదు. 1767లో సారా బెండర్ అనే ఆమె రకరకాల గుడ్డపేలికలు కలిపి కుట్టి, దానిమీద ఎర్ర దారంతో హృదయం గుర్తు వేసి, నిట్టనిలువునా రెండుగా కత్తిరించి, సగం బిడ్డ దగ్గర వదిలింది. ఎనిమిదేళ్ల తర్వాత 1775లో మిగతా సగం పట్టుకుని వచ్చి కొడుకుని తీసుకెళ్లింది. ఇలాంటి కథలు చెప్పుకోవడానికి బాగుంటాయి గానీ లెక్క చూస్తే గుండె దిగులవుతుంది. 1741 నుంచి 1760 వరకు చేర్చుకున్న 16,282 మందిలో తల్లిదండ్రులు తిరిగి తీసుకెళ్లినవాళ్లు 152 మంది.

బిడ్డని తీసుకోగానే పల్లెలో ఒక పాలదాదికి అప్పగించేవాళ్లు. నాలుగైదేళ్లు ఆ ఇంట్లో పెరిగి, ఆమెనే అమ్మా అని పిలిచి, ఆమె పిల్లలతో ఆడుకున్న పసివాణ్ణి ఒకరోజు బండెక్కించి లండన్ తెచ్చేవాళ్లు. మొదటిసారి తల్లి దూరమైనప్పుడు బిడ్డకి ఊహ తెలియదు, ఈ రెండోసారికి తెలుసు. ఇక్కడినుంచి పడక హాళ్లు, వరసల్లో నడక, గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం. ఆడపిల్లలకి గోధుమరంగు ఉన్ని గౌను, తెల్ల ఏప్రాన్, తెల్ల టోపీ. చదవడం నేర్పేవాళ్లు. కుట్టు, అల్లిక, బట్టలుతకడం, వంటింట్లో సాయం కూడా నేర్పేవాళ్లు. ఉద్దేశంలో దాపరికమేమీ లేదు: మగపిల్లలు ఓడల్లోకో పొలాల్లోకో, ఆడపిల్లలు ఇళ్లలో పనికి. ఆదివారం నాడు లండన్ షోకిలా జనం చాపెల్‌కి వచ్చి, కుర్చీలకి అద్దె కట్టి, పిల్లల పాటలు విని, ఆ తర్వాత భోజనశాలలో తిరుగుతూ వాళ్లు అన్నం తినడం చూసిపోయేవాళ్లు. చూడ్డానికి వచ్చినవాళ్లలో కొందరు పనిపిల్ల కోసం కూడా వెతుక్కునేవాళ్లు.

పనికి పంపేటప్పుడు ఒప్పంద పత్రం రాసేవాళ్లు. పిల్లని అప్రెంటిస్ అనేవాళ్లు. ఆడపిల్ల 21 ఏళ్లు నిండేదాకానో, పెళ్లయ్యేదాకానో యజమాని ఇంట్లో ఉండాలి. తిండి, బట్ట, పడక అతను పెట్టాలి. చేతిలో అచ్చువేసిన ఒక కాగితం పెట్టేవాళ్లు. నిన్ను దిక్కులేనిదానిగా తీసుకుని పెంచాం, వినయంగా ఉండు, నిజం చెప్పు, శరణాలయంలో పెరిగానని సిగ్గుపడకు అని అందులో బోధ. పారిపోతే పట్టి తేవడానికి చట్టం ఉంది. ఆ పిల్లని కొట్టకుండా చూడ్డానికి ఏముంది?

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1756లో పార్లమెంటు డబ్బు ఇచ్చి, తెచ్చిన ప్రతి బిడ్డనీ తీసుకోవాలని షరతు పెట్టింది. గేటుకి ఒక బుట్ట వేలాడదీశారు. మొదటిరోజు జూన్ 2న 117 మంది వచ్చారు. 1760లో డబ్బు ఆపేసే నాటికి దాదాపు 15,000 మందిని చేర్చుకున్నారు. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది చనిపోయారు. బతికినవాళ్లే వేలల్లో ఉన్నారు. 1760ల చివరికి వాళ్లంతా పనికి పంపే వయసుకి వచ్చారు. సర్కారు డబ్బు ఆగింది, పిల్లలు పెరిగారు, వాళ్లని వదిలించుకోవాలి. ఇలాంటప్పుడు తలుపు తట్టినవాడి మంచిచెడ్డలు ఎవరు విచారిస్తారు?

1769లో ష్రూస్‌బరీలో ఉన్న శాఖకి థామస్ డే అనే 21 ఏళ్ల ఆస్తిపరుడు వచ్చాడు. పిల్లల్ని ఎలా పెంచాలో రూసో రాసిన 'ఎమీల్' చదివి తలకెక్కించుకున్నవాడు. అతనికి భార్య కావాలి. మామూలు అమ్మాయిలు పనికిరారు. తెలివిగలదై ఉండాలి, తన మాటకి ఎదురు చెప్పకూడదు, చలికీ నొప్పికీ భయానికీ చలించకూడదు, ఊరికి దూరంగా గుడిసెలో తనతో ఉండాలి. అలాంటిది దొరకదు కాబట్టి తానే తయారుచేసుకుందామనుకున్నాడు. శరణాలయంలో వరసగా నిలబెట్టిన పిల్లల్లో 12 ఏళ్ల ఒక అమ్మాయిని అతని స్నేహితుడు జాన్ బిక్నెల్ ఎంచిపెట్టాడు. తర్వాత లండన్ వెళ్లి 11 ఏళ్ల ఇంకో అమ్మాయిని తీసుకున్నారు. ఇద్దర్నీ పెంచి చూసి, ఒకర్ని ఉంచుకుని ఒకర్ని వదిలేయడం అతని పథకం.

పెళ్లికాని మగవాడికి ఆడపిల్లని ఇవ్వకూడదని సంస్థ నియమం. అందుకని ఒప్పందంలో పెళ్లయిన స్నేహితుడు రిచర్డ్ లవెల్ ఎడ్జ్‌వర్త్ పేరు యజమానిగా రాయించారు, అతనికి ముందుగా చెప్పకుండానే. కాగితం మీద ఆ పిల్ల ఎడ్జ్‌వర్త్ ఇంటి పనిమనిషి. కాగితం సరిగ్గా ఉంది కాబట్టి పాలకవర్గానికి ఇబ్బంది లేకపోయింది.

డే మొదటి అమ్మాయికి సబ్రీనా అనీ, రెండో అమ్మాయికి లుక్రీషియా అనీ పేర్లు పెట్టి ఫ్రాన్స్‌లోని అవిన్యోకి తీసుకెళ్లాడు. అక్కడ తన మాట తప్ప మరొకరి మాట వాళ్ల చెవిన పడకూడదని. కొన్ని నెలలకి ఇంగ్లండ్ తిరిగివచ్చి లుక్రీషియాని ఒక టోపీలు కుట్టే ఆవిడ దగ్గర పనికి పెట్టేశాడు. సబ్రీనాని లిచ్‌ఫీల్డ్‌లో చెరువు ఒడ్డున ఉన్న ఇంట్లో ఉంచి పరీక్షలు మొదలుపెట్టాడు. కరిగిన లక్క చేతిమీద పోసేవాడు, కదలకూడదు. పావడా మీదికి పిస్తోలు పేల్చేవాడు, అరవకూడదు. ఆమె అరిచింది. పరీక్ష తప్పిందని బోర్డింగ్ స్కూలుకి పంపేశాడు. ఆ పరీక్షలు దేనికోసమో ఆ పిల్లకి తెలియదు. తనని పనిమనిషిగా తీసుకొచ్చారనే అనుకుంటూ ఉంది.

1773లో ఇదే డే, ఇదే బిక్నెల్ కలిసి నల్లజాతి బానిసల పక్షాన ఒక దీర్ఘకవిత అచ్చువేశారు. ఇంగ్లండులో బానిసత్వ వ్యతిరేక సాహిత్యంలో మొదటివాటిలో ఒకటిగా దానికి పేరుంది. ఇందులో కపటం ఉందని నేననుకోను. సముద్రం అవతల ఉన్న బానిస వాళ్లకి కనపడ్డాడు, ఇంట్లో ఉన్న పిల్ల కనపడలేదు. ఇది మనకి తెలియని జబ్బేమీ కాదు.

1784లో బిక్నెలే సబ్రీనాని పెళ్లి చేసుకున్నాడు. మూడేళ్లకే చనిపోయాడు, ఇద్దరు కొడుకుల్ని వదిలి. ఆమె చార్లెస్ బర్నీ నడిపే బడిలో హౌస్‌కీపర్‌గా చేరింది, దశాబ్దాల పాటు ఆ బడి ఇంటిపనంతా చూసుకుంది. 1804లో అన్నా సీవార్డ్ అనే కవయిత్రి తన పుస్తకంలో ఈ భాగోతమంతా బయటపెట్టింది. అమ్మ శరణాలయంలో పెరిగిందని అప్పుడు తెలిసిన పెద్దకొడుకు మండిపడ్డాడు. సబ్రీనా 1843లో పోయింది. జీతం తీసుకుంటూ, తాళంచెవులు తన నడుముకే కట్టుకుని పనిచేసిన ఆ చివరి దశే ఆమె జీవితంలో ఎవరి ప్రయోగమూ కానిది.

సబ్రీనా కథ విచిత్రం. మేరీ జోన్స్ కథలో విచిత్రమేమీ లేదు, అందుకే అది మరీ భయపెడుతుంది. ఆమె ఫౌండ్లింగ్ హాస్పిటల్ పిల్ల. 1765 ప్రాంతంలో ఎలిజబెత్ బ్రౌన్‌రిగ్ అనే మంత్రసాని ఇంటికి అప్రెంటిస్‌గా ఇచ్చారు. బ్రౌన్‌రిగ్ పేరున్న మంత్రసాని, పేదల్ని ఉంచి పని చేయించే వర్క్‌హౌస్‌లో పురుళ్లు పోసేది, తను కూడా చాలామంది పిల్లల్ని కన్నది. ఎవరైనా ఆమెకి పనిపిల్లని ఇస్తారు. ఆవిడ మేరీని రెండు కుర్చీల మీద పడుకోబెట్టి కొరడాతో కొట్టేది, తల నీళ్ల బకెట్లో ముంచేది. ఒకరోజు తెల్లవారుజామున వీధి తలుపు తాళంచెవి చేతికి దొరికితే మేరీ బయటపడి, దారి అడుక్కుంటూ శరణాలయానికే పరుగెత్తింది. దానికి తెలిసిన ఇల్లు అదొక్కటే.

ఆమెకి వైద్యుణ్ణి చూపించారు. గాయాలు చూసి పాలకవర్గం తమ వకీలు చేత బ్రౌన్‌రిగ్ మొగుడికి బెదిరింపు ఉత్తరం రాయించింది. మొగుడు జవాబివ్వలేదు. కేసు పెట్టడం మంచిది కాదనుకుని, ఒప్పందం రద్దు చేయించి, తమ పిల్లని తాము వెనక్కి తెచ్చుకుని ఊరుకున్నారు. తర్వాత అదే ఇంటికి వైట్‌ఫ్రయర్స్ పేదల అధికారులు మేరీ క్లిఫర్డ్ అనే మరో పిల్లని ఇచ్చారు. ఆమెని బట్టల్లేకుండా నేలమాళిగలో పడేసి, ఇనపకొక్కేనికి కట్టి కొట్టారు. చుట్టుపక్కలవాళ్లు మూలుగులు విని తలుపులు తెరిపించే నాటికి ఆలస్యమైంది. 1767 ఆగస్టులో ఆసుపత్రిలో చనిపోయింది. బ్రౌన్‌రిగ్‌ని సెప్టెంబరు 14న టైబర్న్‌లో ఉరితీశారు. మొగుడికీ కొడుకుకీ ఆరేసి నెలల జైలు.

ఉరికంబం దగ్గర లండన్ జనం అరిచిన అరుపుల గురించి ఆనాటి పుస్తకాలన్నీ రాశాయి. మేరీ జోన్స్ ఒంటిమీద గాయాలు చూసి కూడా కేసు పెట్టని పెద్దల గురించి ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టాయి. నన్నడిగితే ఆ ఉత్తరంతో ఆగిపోయినవాళ్ల పాత్ర చిన్నదేమీ కాదు. పనికి పెట్టిన పిల్లని ఎవరైనా ఏడాదికి రెండుసార్లు వెళ్లి చూసిరావాలనే నియమం ఇంగ్లండు చట్టంలోకి రావడానికి 1851 దాకా పట్టింది. అదీ జేన్ విల్‌బ్రెడ్ అనే వర్క్‌హౌస్ పిల్లని స్లోన్ అనే లాయరు దంపతులు పస్తులు పెట్టి చంపినంత పనిచేసి పత్రికలకెక్కిన తర్వాతే.

19వ శతాబ్దానికి వద్దాం. అప్పటికి గోళీల లాటరీ లేదు. తల్లి స్వయంగా వచ్చి అర్జీ పెట్టుకుని, మగవాళ్ల కమిటీ ముందు నిలబడి జవాబులు చెప్పాలి. తండ్రి ఎవరు, పెళ్లి చేసుకుంటానన్నాడా, ఎప్పుడు వదిలిపోయాడు, ఈ సంగతి ఎంతమందికి తెలుసు. ఇది మొదటి బిడ్డే అయుండాలి, ఆమె అంతకు ముందు మంచి నడవడిక గలదై ఉండాలి. బిడ్డని వదిలేస్తే మళ్లీ పరువుగా బతకగలదని కమిటీకి నమ్మకం కలగాలి. ఆ అర్జీలు నేటికీ ఉన్నాయి. చదివిన చరిత్రకారులకి కనపడ్డ ముఖ్యమైన సంగతి: అర్జీ పెట్టుకున్న తల్లుల్లో ఎక్కువమంది ఇళ్లలో పనిచేసే పనిమనుషులే.

ఎందుకో ఊహించడం కష్టం కాదు. పనిమనిషి యజమాని ఇంట్లోనే పడుకోవాలి. కడుపు తెలియగానే ఆ పూటే మూటా ముల్లే బయట పెడతారు. గుణం బాగుందని పాత యజమానురాలు రాసిచ్చే ఉత్తరం లేకపోతే ఇంకో ఇంట్లో పని దొరకదు. చంకలో బిడ్డ ఉంటే అసలే దొరకదు. బిడ్డని శరణాలయానికిస్తేనే మళ్లీ పనిలో చేరగలదు. ఆ బిడ్డ ఆడపిల్లయితే పద్నాలుగు పదిహేనేళ్లు శరణాలయంలో పెరిగి, ఏప్రాన్ కట్టుకుని, మరో ఇంటి వంటగదిలోకి దిగుతుంది. తల్లి గిన్నెలు తోమే వీధికి నాలుగు వీధుల అవతల కూతురు గిన్నెలు తోముతుంటే ఇద్దరికీ తెలిసే వీలు లేదు, పేరు మార్చేశారు కాబట్టి. దాతలూ గవర్నర్లూ సంస్థని దయాధర్మంగానే చూసుకున్నారు, దయ లేదని నేననను. కానీ పనిమనిషికి బిడ్డతో బతికే హక్కు ఇవ్వని ఇళ్లే ఆ బిడ్డని మళ్లీ పనిమనిషిగా తెచ్చుకున్నాయి. ఈ సంస్థ ఆ ఏర్పాటుని ప్రశ్నించలేదు, దానికి సరుకు అందించింది.

నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ఫౌండ్లింగ్ హాస్పిటల్ పక్క వీధిలోనే 1837 నుంచి 1839 వరకు కాపురమున్నాడు, చాపెల్‌లో అద్దె కుర్చీ కూడా ఉండేది. 'లిటిల్ డోరిట్' నవలలో మీగిల్స్ అనే దయగల పెద్దమనిషి చాపెల్‌లో పిల్లల పాట విని కరిగిపోయి, తన ముద్దుల కూతురికి పనిపిల్లగా ఒక అమ్మాయిని తెచ్చుకుంటాడు. హారియెట్ అనే ఆమె పేరుని టాటీకోరమ్‌గా మార్చేస్తారు. ఆ అమ్మాయికి కోపం వస్తుంది. తనకంటే పెద్దదైన ఇంకో పిల్లని అందరూ ముద్దుచేస్తుంటే తను దుస్తులు తొడుగుతూ నిలబడాలి. కోపమొచ్చినప్పుడల్లా ఇరవై అయిదు దాకా లెక్కపెట్టమని యజమాని సలహా. చివరికి ఇల్లు వదిలిపోతుంది, ఆ తర్వాత ఏడుస్తూ తిరిగొస్తుంది. ఆ తిరిగిరావడం నాకు నచ్చదు. ఆమె కోపం ఎంత న్యాయమైనదో డికెన్స్‌కి తెలుసు, లేకపోతే ఆ పేజీలు అంత వేడిగా రాయలేడు. పాఠకులు యజమానుల వర్గమని గుర్తొచ్చి చల్లార్చాడు.

శరణాలయం పిల్లలు పనికి పనికిరారని యజమానురాళ్ల ఫిర్యాదు ఒకటి శతాబ్దం పొడుగునా వినపడుతూ ఉంటుంది. గాజుసామాన్లు పగలగొడతారు, మొండివాళ్లు, అంగట్లో చిల్లర లెక్కపెట్టడం రాదు. 1873లో బ్రిటిష్ ప్రభుత్వం జేన్ నసావ్ సీనియర్ అనే ఆమెని ఇన్‌స్పెక్టర్‌గా నియమించి, సర్కారు పేదపిల్లల బడుల్లో ఆడపిల్లల చదువు ఎలా ఉందో చూడమంది. ఆ ప్రభుత్వ కార్యాలయాల్లో అంత పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆమె. మరుసటేడు ఇచ్చిన నివేదికలో తప్పు పిల్లల మీద వెయ్యలేదు, వాళ్లని పెంచిన పద్ధతి మీద వేసింది. వందలమందికి అండాల్లో వండే చోట పెరిగిన పిల్లకి నలుగురికి వండటం ఎలా తెలుస్తుంది? చేతికి ఎప్పుడూ పైసా ఇవ్వకపోతే చిల్లర ఎలా లెక్కపెడుతుంది? ఇల్లన్నది ఎలా ఉంటుందో చూడని పిల్లల్ని ఇళ్లు నడపడానికి పంపుతున్నారని ఆమె వాదన. పనిలో చేరిన ఆడపిల్లల్ని ఒక్కొక్కరినీ వెళ్లి పలకరించే సంఘం 1875లో పెట్టింది. రెండేళ్లకే జబ్బుచేసి పోయింది. ఆమె చెప్పిన చిన్న చిన్న ఇళ్ల పద్ధతి అందుకున్నవాళ్లు కొందరున్నారు, పెద్ద పడకహాళ్లు మాత్రం చాలాకాలం నడిచాయి.

ఫౌండ్లింగ్ హాస్పిటల్ 1926లో లండన్ స్థలం అమ్మేసి ఊరిబయటికి వెళ్లింది, 1954లో చివరి పిల్లలతో శరణాలయం మూసేసింది. రెండు శతాబ్దాల్లో 25,000 మందికి పైగా అక్కడ చేరారు. పాత స్థలంలో ఇప్పుడు పిల్లల ఆటస్థలం ఉంది, వెంట పిల్లలు లేని పెద్దవాళ్లని లోపలికి రానివ్వరు.

1869 నుంచి ఇదే పనిపిల్లల వ్యాపారం సముద్రం దాటింది. మరియా రై అనే ఆవిడ ఇంగ్లండు ఆడపిల్లల్ని ఓడలెక్కించి కెనడా ఇళ్లకి పంపడం మొదలుపెట్టింది, తర్వాత బర్నార్డో అనే ఆయన ఆ దారినే పట్టాడు. వాళ్ల సంగతి వచ్చే వారం.